ఈ వారం నేనేం రాశాను?

"ఈ వారం నేనేం రాశాను?"

గెడ్డానికి నురగ పూసుకుంటూ అద్దంలోంచే అడిగాడాయన. ప్రతి సోమవారం పొద్దున అడిగే మాటే. స్నానాలగది గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి, ఆమె కూడా ప్రతి సోమవారం చెప్పినట్టే చెప్పింది.

"అద్దె ఇళ్ళ గురించి రాశారండీ. నోటీసు ఇవ్వకుండా సామాను వీధిలో పడేస్తే ఏం చెయ్యాలో."

"బాగా రాశానా?"

"బాగానే రాశారు."

"ఊఁ. తువ్వాలిటివ్వు."

సొమ్మొకడిది సోకొకడిదని ఊరికే అనలేదు పెద్దలు. తొమ్మిదేళ్ళుగా వారానికొకటి చొప్పున నాలుగొందల పైచిలుకు వ్యాసాలు ఆయన పేరు మీద వెలిగాయి, ఆయన వేలు ఒక్కదానికీ కందింది లేదు. వకీలు వృత్తిలో ఒక చిక్కుంది. కూరల బండివాడిలా రండి బాబూ రండి అని కేకెయ్యకూడదు. పేపర్లో ప్రకటన వేసుకుంటే వకీళ్ళ సంఘం చెవి మెలిపెడుతుంది. అందుకని తెలివైనవాళ్ళు కేకెయ్యరు, జ్ఞానం పంచుతారు. నాలుగు మంచి మాటలు బ్లాగులో పెట్టి, ఆ లంకెను పదిహేడు గ్రూపుల్లోకి తోసి, కింద నంబరు మాత్రం మర్చిపోకుండా ఉంచుతారు. ఆయన పెళ్ళినాటికి కోర్టు వరండాలో ఫ్యాను కింద జాగా కోసం పోట్లాడుకునే వకీలు. ఇవాళ జనం ఆయన్ని 'వ్యాసాల లాయరుగారు' అంటారు. ఆమెను 'వ్యాసాల లాయరుగారి ఆవిడ' అంటారు. ఆమె కూడా అదే కాలేజీలో అదే చదువు చదివింది, ఆమె నోట్సు చదివే ఆయన గట్టెక్కాడు. రెండేళ్ళు నల్లకోటు వేసుకుంది కూడా. పాప పుట్టాక ఆ కోటు పెట్టె అడుగుకి పోయింది. పాప బడి కాగితంలో 'తల్లి చేసే పని' అన్నచోట ఆయన ఆలోచించకుండా అడ్డంగా గీత గీసి పడేశాడు.

వ్యాసంతో పోతే బాగుండును. పొద్దున్నే ఎవరెవరి పుట్టినరోజులో చూసి "సోదరా, శుభాకాంక్షలు" అని పెట్టాలి. ఆయన పోట్లాడిన వకీలుకి "మీ వాదనా పటిమ మాకు ఆదర్శం" అని రాయాలి. ఎన్నడూ ముఖం చూడని ముసలి జడ్జి పోతే "ఆ గొంతు ఇంకా నా చెవుల్లో మోగుతోంది" అని ఏడవాలి. ఆ పైన ఉత్తరాలు. మొగుడు కొట్టాడనీ, ఇంట్లోంచి గెంటారనీ ఎక్కడెక్కడి ఆడవాళ్ళో రాస్తారు. "ధైర్యంగా ఉండమ్మా, నన్ను నీ అన్నయ్య అనుకో" అని ఆమె జవాబు రాస్తుంటే ఆ అన్నయ్య పక్కగదిలో నోరు తెరుచుకుని ఆదివారం మధ్యాహ్నపు నిద్ర పోతుంటాడు. "మీ ఇంటి ఆడవాళ్ళు ఎంత అదృష్టవంతులో అన్నయ్యా" అని ఒకావిడ రాసింది ఓసారి. దానికి కూడా ఆమే దండం బొమ్మ పెట్టింది.

ఇవన్నీ సరే, ఆయన్ని చూస్తే రోత మొదలైంది మాత్రం ఫోటో రోజు నుంచి. 'ఇంటిపని ఇద్దరిదీ' అన్న వ్యాసానికి ఫోటో ఉంటే జనం ఎగబడతారని ఆయనకెవరో చెప్పారు. చొక్కా చేతులు మడిచి, అంట్ల తొట్టి దగ్గర నిలబడి, ఒక పళ్ళెం తడిపాడు. వెలుతురు చాల్లేదని ఒకసారి, పొట్ట కనబడిందని ఒకసారి, మొత్తం పదకొండు ఫోటోలు తీయించుకున్నాడు. తర్వాత తడిచేతులు ఆమె భుజం మీది గుడ్డకు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క పళ్ళెమూ సబ్బు నురగతో అలాగే ఉంది. ఆమె కడిగింది. వ్యాసం బయటికొచ్చిన రోజు మళ్ళీ అంట్లు తోముతుంటే అత్తగారు వెనకనుంచి, "వాడు అంట్లు కూడా తోముతున్నాడటగా, పక్కింటావిడ చూపించింది. నా కొడుకు చేత ఏమేం చేయిస్తున్నావే తల్లీ" అంది. ఆమెకు నవ్వు రాలేదు. పాచి గుడ్డ నోట్లో కుక్కినట్టయింది.

ఆ బుధవారం ఆమె ఒక పని చేసింది. కోర్టు వెనక వీధిలో, మేడ మీద రెండు గదుల్లో ఇద్దరు ఆడవాళ్ళు వకాలతు చేస్తారు. దావాలు, నోటీసులు రాసిపెట్టడానికి జూనియరు కావాలని తెలిసి వెళ్ళింది. వాళ్ళలో పెద్దావిడ, జుట్టు సగం నెరిసిన లాయరమ్మ, కాగితాలన్నీ తిరగేసింది.

"రెండేళ్ళు కోర్టు. తర్వాత పదమూడేళ్ళు ఖాళీ. ఏం చేశావమ్మాయ్?"

"రాశానండీ."

"ఏం రాశావు?"

బ్లాగు పేరు చెప్పింది. లాయరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "అది నేనూ చదువుతాను. మీ ఆయనకి ఇంత బుర్ర ఎక్కడిదా అనుకునేదాన్ని. కోర్టులో నోరు తెరిస్తే ఒక వాక్యం తిన్నగా రాదు కదా ఆయనకి!" అని పకపకా నవ్వి, అంతలోనే ఆగింది. "నేను నమ్ముతా. కానీ నా భాగస్వామి నాలా కాదు, కాగితం లేనిదే కన్నతల్లిని కూడా నమ్మదు. ఇంకో పిల్ల కూడా అడుగుతోంది. మంగళవారంలోగా మీ ఆయన చేత ఒక్క ముక్క రాయించుకురా. ఇవి నా భార్య రాసినవి అని, అంతే. కుర్చీ నీకే ఉంచుతా."

ఒక్క ముక్క. నాలుగొందల వ్యాసాలకి ఒక్క ముక్క. సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుందని, దారంతా ఆశగానే నడిచింది పిచ్చిది.

అన్నం ముందు కూర్చుని విన్నాడాయన. వేళ్ళు నాక్కుంటూ విన్నాడు. "నువ్వు టైపు చేశావు. కాదనను. ఆలోచన ఎవరిది?"

"ఏ ఆలోచనండీ?"

"బ్లాగు పెట్టాలన్న ఆలోచన! వంటమనిషి వండిందని విందు వంటమనిషిదవుతుందా ఎక్కడైనా? పిలిచినవాడిదవుతుంది. పైగా ఆ కాగితం బయటికి పోతే నా పరువేం కాను? తొమ్మిదేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు."

"ఎవరు కష్టపడి?"

"మాటకి మాట నేర్చావే. కొంచెం పెరుగెయ్యి."

అత్తగారు అందుకుంది. "వాడి పేరు పెరిగితే నీ పేరు కాదుటే? వేరే ఏముంటుంది చెప్పు." ఆ ముసలావిడ నిజంగానే అడిగింది, ఎకసెక్కానికి కాదు. అదే ఎక్కువ అసహ్యమేసింది ఆమెకు. పెరుగు వేసింది. వేస్తూ ఆ పళ్ళెం వైపు, మెతుకులంటిన ఆ మూతి వైపు చూసింది. ఈ మూతి కోసమా నేను ఇన్నాళ్ళు మాటలు వెతికింది, ఈ మూతికి నప్పేలా గంభీరంగా, దయగా, లోకం బాగు కోరేలా! నేను కూర్చిన పెద్దమనిషి వీడు. బొమ్మలో గడ్డి కుక్కినట్టు కుక్కి, ఊరి మధ్య నిలబెట్టి, నేనే వెళ్ళి దండం పెడుతున్నాను. తప్పు వాడిదొక్కడిదే అని ఎలా అనను? గడ్డి నాది. ఆ మాట తట్టాక ఆమెకు ఏడుపు రాలేదు, ఒంటి మీద బురద చూసుకున్నట్టయింది. బురదయితే కడుక్కోవచ్చు.

ఆయనకొక అలవాటుంది. వ్యాసం సోమవారం తొమ్మిదింటికి దానంతటదే బయటికొచ్చేలా ఆమె పెట్టి ఉంచుతుంది. ఆయన కోర్టు మెట్లెక్కుతూ పేరు, మొదటి రెండు వాక్యాలు చూసి, పైన తనదొక మాట తగిలించి పదిహేడు గ్రూపులకీ పంపేస్తాడు. మూడో వాక్యం ఏనాడూ చూసి ఎరగడు. సొంత వ్యాసం సొంతవాడు చదవాలా ఏమిటి?

ఆ ఆదివారం ఇల్లంతా కునుకు తీస్తుంటే ఆమె కూర్చుంది. 'ఇంటిపనికి విలువ కట్టేదెవరు?' అని పేరు పెట్టింది. "సమాజంలో స్త్రీ శ్రమ కంటికి కనిపించదు. ఇది నన్ను ఎంతో కాలంగా బాధిస్తున్న విషయం" అని మొదటి రెండు వాక్యాలు ఆయన గొంతులోనే, చప్పగా, రాసింది. మూడో వాక్యం నుంచి చెయ్యి ఆగలేదు. "అందుకే ఇవాళ ఒప్పుకుంటున్నాను. ఈ బ్లాగులోని ప్రతి వ్యాసమూ, ప్రతి జవాబూ నా భార్య రాసినవే. ఆమె న్యాయవాది. నేను ఒక్క అక్షరం రాయలేదు. అంట్ల తొట్టి దగ్గరి ఫోటోలో పళ్ళెం కూడా చివరికి ఆమే కడిగింది."

సోమవారం అద్దంలోంచి మామూలు ప్రశ్నే వచ్చింది.

"ఇంటిపని గురించి రాశారండీ. విలువ ఎవరు కడతారని."

"బాగా రాశానా?"

"ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు."

తొమ్మిది దాటాక ఆమె ఫోను కీచుమంది. ఆయన ఖాతాలన్నీ అందులోనూ ఉన్నాయి. ఆయన తగిలించిన మాట చూసుకుంది: "నా అనుభవంలోంచి పుట్టిన మాటలు. ప్రతి అక్షరానికీ నేను పూచీ. పదిమందికీ పంపండి." ఆమె పొయ్యి తుడుస్తూ, బట్టలారేస్తూ, వచ్చినవన్నీ చదివింది. తిట్లొస్తాయనుకుంది. నవ్వుతారనుకుంది. తీరా వచ్చినవి దండాలు. 'ఇంత నిజాయితీ ఏ మగాడికుంది సార్.' 'మీది మనసు కాదు సార్, సముద్రం.' 'మీ లాంటి భర్త దొరకడం మేడమ్ గారి పూర్వజన్మ సుకృతం.' ఛీ. దొంగ సొత్తు తిరిగిస్తే దాతా అని కాళ్ళ మీద పడే లోకం ఇది. ఆయన తడిచొక్కాను గట్టిగా పిండి తీగ మీద పడేసింది.

మధ్యాహ్నం రెండు కాకముందే వచ్చాడాయన. చెమట కాలర్ దాకా కారింది.

"ఏం రాశావే?"

"మీరు చదవలేదా?"

"వేషాలెయ్యకు. తీసెయ్. ఇప్పుడే తీసెయ్!"

"తీసేస్తాను. సంఘం అధ్యక్షుడుగారికి ఏం జవాబివ్వమంటారో చెప్పండి మరి."

ఫోను అందించింది. అధ్యక్షుడు సంఘం గ్రూపులో, ఆ లంకె కిందే, అందరికీ కనబడేలా రాశాడు: 'మన సంఘానికే గర్వకారణం. శనివారం సభలో మీకు సన్మానం. ఇది నిజమే కదా?' ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. కుర్చీలో కూలబడ్డాడు. నిజం కాదంటే అబద్ధాలకోరు, తీసేస్తే పిరికివాడు. ఆ ముఖం మీద కోపం ఇంకిపోయి, దాని చోట లెక్క మొలవడం ఆమె కళ్ళారా చూసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సొంత వేళ్ళతో అక్కడే జవాబు కొట్టాడాయన: 'అక్షరాలా నిజం సార్. అంతా ఆవిడ రాసిందే.'

కొట్టి, తేలికపడి, నవ్వాడు. "పోన్లే, ఐడియా బాగుంది. ముందే చెబితే ఇద్దరం కలిసి ఫోటో దిగి పెట్టేవాళ్ళం కదే. రా, ఇప్పుడు దిగుదాం." అని భుజం మీద చెయ్యి వేశాడు. చెమట చెయ్యి. ఆమె దాన్ని రెండు వేళ్ళతో, గోడ మీంచి బల్లిని తీసినట్టు తీసి పక్కన పెట్టింది.

మంగళవారం పొద్దున మేడ మీది గదుల్లో ఆ గ్రూపు పేజీ, వ్యాసంతో సహా, అచ్చుకాగితంగా చేతులు మారింది. కన్నతల్లిని నమ్మని భాగస్వామి పైనుంచి కిందిదాకా చదివింది. పైన పూచీ, కింద 'అక్షరాలా నిజం'. లాయరమ్మకిచ్చింది. లాయరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

"ఒక్క ముక్క రాయించుకు రమ్మంటే, ఊరందరి ముందూ ఒప్పించుకొచ్చావేమే!"

"ఒప్పుకున్నదానికి రుజువక్కర్లేదు కదండీ" అంది ఆమె. "బ్లాగు పెట్టిన మూడో ఏట ఆ సూత్రం మీదే ఒక వ్యాసం రాశాను."

శనివారం సభకు ఆమె వెళ్ళలేదు. ఆ పూట మేడ మీది గదిలో కూర్చుని, ఎవరో వంటావిడను జీతమివ్వకుండా గెంటేసిన ఇంటికి నోటీసు రాస్తోంది. కింద సంతకం పెట్టాల్సిన చోట ఒక్క క్షణం ఆగింది, అలవాటు కొద్దీ. తర్వాత తన పేరు పెట్టింది.

ఆదివారం కునుకు తీసి లేచి, ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడాయన. కంప్యూటరు ముందు ఎవరూ లేరు. పెట్టె అడుగునుంచి తీసిన నల్లకోటు పరుచుకుని ఆమె ఇస్త్రీ చేస్తోంది.

"రేపు నేనేం రాస్తున్నాను?"

"ఏమోనండీ" అంది, కోటు చెయ్యి తిప్పి వేసుకుంటూ. "రేపు నాకు కోర్టుంది."