బిట్టుకు పట్టిన బంక

పొద్దున్నే వడ్రంగి షాపు తెరవగానే అక్క చేసే మొదటి పని, బోర్డులు కోసే రౌటర్ మిషనుకు బిగించే పదును మొనను, అదే బిట్టును, కడగడం. బట్టల సోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో రుద్దుతుంది. చెక్కపొట్టును జిగురుతో కలిపి ఒత్తిన బోర్డులు కదా, రౌటర్ తిరిగే వేడికి ఆ జిగురు కరిగి బిట్టుకు నల్లటి బంకలా పట్టేస్తుంది. అది ఎక్కడైనా ఉండే తంటాయే. ఈ షాపులో మాత్రం ఎవరైనా మనసులో ఏదైనా దాచుకుంటే బంక ఇంకా మందంగా పడుతుంది. పోయినేడు పాలిష్ పట్టే ఆయన వేరే షాపులో కుదురుకున్న సంగతి చెప్పకుండా తిరిగితే మూడు బిట్లు మాడిపోయాయి. ఆయన చేత నిజం చెప్పించి, నాలుగో బిట్టు బిగించి పని కానిచ్చారు.

ఈసారి దాస్తున్నది అక్క సొంత తమ్ముడే. రౌటర్ పనిలో అతను పెట్టింది పేరు. పెన్సిల్ గీత తప్పకుండా కోస్తాడని అక్క మొగుడు, అంటే అతని బావ, పదిమందికీ గొప్పగా చెప్పుకుంటాడు. అలాంటివాడికి మూడు నెలలుగా కుడికన్ను మసకేస్తోంది. బల్లలోంచి పైకి వచ్చి తిరుగుతున్న బిట్టుకు తన వేలు ఎంత దూరంలో ఉందో అంతు చిక్కడం లేదు. చెబితే రౌటర్ దగ్గర్నుంచి తప్పించి గరుకు కాగితం చేతికిస్తారు. చెప్పకపోతే ఏదో ఒకరోజు వేళ్ళు పోతాయి. రెండూ తెలిసే నోరు కుట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రానికల్లా ఒక బడికి నలభై బీరువా తలుపులు ఇవ్వాలి. మధ్యాహ్నానికి ఇంకా పదకొండు మిగిలాయి.

"ఏరా, మళ్ళీ మాడు వాసన. ఏం దాస్తున్నావ్?" అంది అక్క.

"ఏం లేదక్కా."

"పొద్దున్నుంచి నాలుగుసార్లు కడిగాను. నీ కడుపులో ఏదో ఉంది."

బావ నవ్వాడు. "వాడి కడుపులో ఆకలి తప్ప ఏముంటుంది? నువ్వు కడుగుతూ కూర్చుంటే ఈ తలుపులు వచ్చే ఏడాదికి అందుతాయి. కానియ్ బావమరిదీ, కానియ్."

అతను బోర్డు తోశాడు. బిట్టు మూలిగింది. కోత అంచు నల్లబడి పొగ లేచింది. నుదుటి చెమట మంచి కంట్లోకి దిగి ఆ ఉన్న చూపూ చెదిరింది. ఆపుదామనుకున్నాడు. బావ వెనకే నిలబడ్డాడు. ఇంకాస్త తోశాడు. ఎడమచేయి బోర్డు అంచు దాటి జారింది.

అక్క అరిచిన అరుపుకు షాపంతా ఆగిపోయింది. బావ స్విచ్ ఆపాడు.

వేళ్ళు ఉన్నాయి. రెండు కొనలు కాలి బొబ్బలెక్కాయి, అంతే. బిట్టు మీద పదును కనిపించడం లేదు, నేరేడు పండంత బంక చుట్టేసి ఉంది.

అతను కింద కూలబడి ఏడ్చేశాడు. "కుడికన్ను కనిపించడం లేదక్కా. మూడు నెలలైంది. భయమేసి చెప్పలేదు."

అక్క తమ్ముడి వేళ్ళు చల్లటి నీళ్ళలో ముంచి, బిట్టు ఊడదీసి సోడా గిన్నెలో వేసింది. బంక పెచ్చులు పెచ్చులుగా రాలింది. కాసేపటికి రాలడం ఆగిపోయింది. బ్రష్ పెట్టి రుద్దింది. కదల్లేదు.

"ఇంకా సగం ఉందిరా."

"ఒట్టక్కా, నా దగ్గర ఇంకేం లేదు."

అక్క తలెత్తింది. బావ కొలత టేపును లాగుతున్నాడు, వదులుతున్నాడు.

"ఏమండీ?" అంది.

బావ టేపు చుట్టి జేబులో పెట్టాడు. "వాడి కన్ను సంగతి నాకు నెల క్రితమే తెలుసు. ఈ నలభై తలుపులూ అయిపోతే అడుగుదామనుకున్నాను," అన్నాడు.

గిన్నెలో మిగిలిన బంక ఎవరూ ముట్టుకోకుండానే ఊడిపోయింది.

అక్క బిట్టును తుడిచి తన సంచిలో వేసుకుంది. తమ్ముణ్ణి రెక్క పట్టి లేపి, "పదరా, కళ్ళ డాక్టరు దగ్గరికి," అంది. వెళుతూ వెళుతూ మొగుడి వైపు చూడను కూడా చూడలేదు. షాపులో పదకొండు తలుపులూ, బావా మిగిలారు.