ఊలు కప్ప ఊపిరి

ఆదివారం బయటికి వెళ్లేటప్పుడు మీనాకుమారి ముందు కప్ప పొట్ట చూసేది. గ్యాస్ కట్టేయడం, కిటికీ మూయడం, కూతురికి చెప్పులు తొడగడం అన్నీ ఆ తర్వాతే. పొట్ట లేచి పడుతుంటే "పదండి" అనేది.

అది ఊలుతో అల్లిన కప్ప. వీపు ఆకుపచ్చ, పొట్ట తెలుపు, కళ్లకి రెండు నల్ల చొక్కా గుండీలు. మీనాకుమారి అత్త దాలమ్మ అల్లింది. మనవరాలు తీతు ఏడో నెలలోనే పుట్టేసి, గాజుపెట్టెలో ఊపిరందక నీలంగా మారిపోతుంటే, దాలమ్మ ఆసుపత్రి వరండాలో పదకొండు రోజులు కూర్చుని అల్లింది. ఆఖరి ముడి వేసి దారం పళ్లతో కొరికేసరికి కప్ప పొట్ట లేచింది, పడింది, మళ్లీ లేచింది. లోపల పెట్టెలో పిల్ల పొట్ట కూడా అలాగే లేచింది. నర్సు వచ్చి చూసి, "ఉతికిన ఊలేనా? అయితే పక్కన పెట్టండి" అంది.

అప్పటినుంచి ఐదేళ్లుగా ఇద్దరిదీ ఒకటే ఊపిరి. కప్ప దగ్గరుంటే తీతు గెంతుతుంది, పాడుతుంది, అన్నం వద్దని పేచీ పెడుతుంది. దూరమైతే పెదాలు నల్లబడతాయి. తీతుకి రెండేళ్లప్పుడు ఒకసారి, కప్పని ఉతికి పెరట్లో ఆరేసి, పిల్లని చంకనేసుకుని వీధి చివర కొళాయి దాకా వెళ్లింది మీనాకుమారి. అప్పుడు జరిగిందేమిటో ఆమె ఇప్పటికీ ఎవరికీ చెప్పదు.

పక్క క్వార్టర్ పిల్లల దగ్గర నేర్చుకుని తీతు దాన్ని బెంగాలీలో బ్యాంగ్ అని పిలిచేది. వాళ్లుండే రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అందరికీ అది బ్యాంగే. గోల్ బజార్‌లో కూరలమ్మే దీదీ వంకాయలు తూస్తూ, "బ్యాంగ్ భాలో ఆఛే?" అని కప్ప బాగోగులు అడిగేది. లోకల్ రైల్లో కూర్చున్నవాళ్లు జరిగి, దానికి కూడా కాస్త చోటిచ్చేవారు. ఆసుపత్రి డాక్టరమ్మ స్టెతస్కోపు ముందు కప్ప మీద పెట్టి, తర్వాత పిల్ల మీద పెట్టేది.

ఈ చలికాలం మొదలయ్యాక మీనాకుమారికి భయం పట్టుకుంది. కప్ప పొట్ట పలచబడింది. చంక కింద పురుగు కొట్టి చిన్న చిల్లు పడింది. కుడదామని సూది తీసి, మళ్లీ డబ్బాలో పెట్టేసేది. దాలమ్మ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. పోయిన ఏడాది కష్టపడి ఇంకో కప్పని అల్లింది గానీ, అది ఊలు బొమ్మగానే ఉండిపోయింది.

మీనాకుమారి ఒక్కో షికారూ మానిపించింది. ముందు కంసాయి నది ఒడ్డు, తర్వాత రైలు ప్రయాణం, ఆ తర్వాత మలంచాలో ఆడపడుచు ఇల్లు. వర్క్‌షాప్ నుంచి వచ్చిన భర్త కిరణ్‌కుమార్ ఒకరోజు విసుక్కున్నాడు.

"పిల్లని ఇంట్లో కట్టేసి ఉంచుతావేటి?"

"ఉంచుతాను. బతికుంటాది కదా."

అతను కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయాడు.

కానీ తీతుకి బూట్లు బిగుతైపోయాయి. జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు గోల్ బజార్ వెళ్లి బూట్లు కొన్నారు. తిరిగొచ్చేటప్పుడు టోటో ఎక్కారు. బ్యాటరీ బండి కుదుపులకి తీతు తల్లి ఒళ్లో నిద్రపోయింది. ఒక చేత్తో పిల్లని, ఒక చేత్తో సంచులని పట్టుకుని మీనాకుమారి వీధి మొదట్లో దిగింది. టోటో వెళ్లిపోయింది. గుమ్మం దగ్గర తాళంచెవి కోసం సంచిలో వెతుకుతుంటే పిల్లకి మెలకువ వచ్చింది.

"అమ్మా, బ్యాంగ్ ఏది?"

మీనాకుమారి పిల్లని మెట్టు మీద దించింది. సంచులు బోర్లించింది. బూట్లు, క్యాబేజీ, సబ్బులు. కప్ప లేదు. పిల్లని లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని గుండె మీద అరచెయ్యి పెట్టింది.

"మాటాడకు. కదలకు."

"ఎందుకమ్మా?"

"మాటాడకన్నాను కదా."

పక్కింట్లో కూర్చున్న దాలమ్మ ఆ గొంతు విని వచ్చింది. కిరణ్‌కుమార్ డ్యూటీ నుంచి వస్తూనే సైకిల్ తిప్పుకుని టోటో స్టాండుకి పరుగెత్తాడు. బండివాడి మొహం మీనాకుమారికి గుర్తులేదు, మెడలో ఎర్ర మఫ్లర్ తప్ప.

"పిల్ల పెదాలు సూడు" అంది దాలమ్మ.

"ఎర్రగానే ఉన్నాయత్తా."

"మరెందుకేడుస్తన్నావు?"

"ఇంకెంతసేపుంటాయో."

స్టాండులో ఆ మఫ్లర్ మనిషి లేడని కిరణ్‌కుమార్ తిరిగొచ్చాక, పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ అలవాటుగా స్టెతస్కోపు చాచి, కప్ప కోసం చూసి, ఒక క్షణం ఆగి పిల్ల ఛాతీ మీద పెట్టింది. చాలాసేపు వింది. "బాగానే ఉంది. ఎందుకు బాగుందో నాకు తెలీదు. రేపటిదాకా ఇక్కడే ఉంచండి" అంది. తెల్లవార్లూ మీనాకుమారి చెయ్యి పిల్ల గుండె మీదే ఉంది. పొద్దున చెయ్యి తీస్తే వేళ్లు చాపడానికి రాలేదు.

ఎనిమిది గంటలకి ఎర్ర మఫ్లర్ మనిషి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తువ్వాలు, తువ్వాల్లో కప్ప.

"నా పేరు జగ్గారావు, సెల్లీ. మథురాకాటిలో ఉంటాం. ఇది సీటు కిందకి జారిపోనాది. ఇంటికెళ్లి బండి ఛార్జింగ్ ఎడతంటే కనపడినాది. పొద్దున్నే మీ వీధికెళ్తే, ఇక్కడున్నారని సెప్పినారు."

మీనాకుమారి కప్పని లాక్కున్నట్టే తీసుకుని పిల్ల ఒళ్లో పెట్టింది. జగ్గారావు వెళ్లలేదు. తువ్వాలు మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"మాయావిడ పోలమ్మ బొగ్గుల పొయ్యి మీద ముప్పై ఏళ్లు టిఫినీలు అమ్మినాది. ఊపిరితిత్తులు పాడైపోనాయి. నాలుగు నెల్లయినాది, ఒళ్లు వాల్చలేదు. గోడకానుకుని కూసునే నిద్ర. రేత్రి ఈ బొమ్మ సలిలో ఎందుకని ఆవిడ పక్కన ఎట్టినాను. కాసేపటికి ఆవిడ ఎల్లకిలా పడుకున్నాది. గురక కూడా పెట్టినాది." అతని గొంతు తగ్గింది. "నేనేటీ అడగడానికి రానేదు. మీ పాపది మీకిచ్చీడానికే ఒచ్చినాను."

అతను వెళ్లిపోయాడు. మీనాకుమారి ఆగమని అనలేదు. కప్పని కొంగులో చుట్టి, పిల్లతో సహా ఇంటికి తెచ్చేసుకుంది.

ఇంటికొచ్చాక తీతు కప్పని ఒళ్లో పెట్టుకుని మరమరాలు తింటోంది. మీనాకుమారి చూస్తూ కూర్చుంది. పిల్ల పొట్ట రెండుసార్లు లేచే లోపల కప్ప పొట్ట ఒక్కసారి లేస్తోంది. అది కూడా మెట్లెక్కే ముసలిమనిషిలా, పైదాకా వెళ్లి, అక్కడ కాస్త ఆగి, కిందికి జారుతోంది. ఐదేళ్లలో ఎప్పుడూ ఇలా లేదు. ఆమె కప్పని తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టింది. దాలమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది మన పిల్ల ఊపిరి కాదు."

"మరెవరిది?"

"నన్నడుగుతావేటి? నీకు తెల్దా?"

మీనాకుమారి కప్పని అలమరలో పెట్టి తలుపేసింది. అన్నం వండింది. మధ్యలో మూడుసార్లు తలుపు తీసి చూసింది. ప్రతిసారీ కప్ప పొట్ట లేవడానికి ఇంతకుముందుకంటే ఎక్కువసేపు పట్టింది. మూడోసారి ఎంతకీ లేవకపోతే, ఇంక లేవదేమోనని అలమర పట్టుకుని నిలబడిపోయింది. చివరికి లేచింది.

"అత్తా, ఇచ్చీసిన తరవాత తీతుకి మళ్లీ అవసరమొస్తే?"

"ఒస్తాదో రాదో నేను సెప్పలేనమ్మా." దాలమ్మ తన వంకర వేళ్ల వైపు చూసుకుంది. "ఇంకోటి అల్లే సేతులు నాకు నేవు. అది మాత్రం సెప్పగలను."

మీనాకుమారి పొయ్యి కట్టేసింది. పిల్లకి కొత్త బూట్లు తొడిగింది.

మథురాకాటిలో జగ్గారావు ఇల్లు ఎవరినడిగినా చూపించారు. ఒకటే గది. గోడకి రెండు దిండ్లు ఆనించి, వాటికి చేరగిలబడి పోలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. నోరు తెరిచే ఉంది. మనుషులొచ్చారని కళ్లు తిప్పింది గానీ పలకరించే ఓపిక లేదు. ఆమె పెదాల రంగు చూడగానే మీనాకుమారికి కొళాయి దగ్గరి రోజు గుర్తొచ్చింది. ఒక్క క్షణం పిల్లని ఎత్తుకుని వెనక్కి పారిపోవాలనిపించింది.

కానీ తీతు అప్పటికే మంచం ఎక్కింది. కప్పని పోలమ్మ ఛాతీ మీద పెట్టి, జారిపోకుండా ఆమె చెయ్యే తీసి దాని మీద వేసింది.

"బ్యాంగ్‌కి చలేస్తాది. దుప్పటి కప్పాలి."

జగ్గారావు చేతిలో టీ గ్లాసుతో గుమ్మంలోనే ఉండిపోయాడు. కప్ప పొట్ట లేచింది. పోలమ్మ ఛాతీ లేచింది. రెండూ పడ్డాయి. మళ్లీ లేచాయి, ఈసారి కాస్త తొందరగా. కొంతసేపటికి పోలమ్మ దిండ్ల మీంచి మెల్లగా కిందికి జారి, తల పక్క మీద వాల్చింది.

"నీ పేరేటమ్మా?" అని తీతుని అడిగింది. అది ఆమె గొంతే అని నమ్మలేనట్టు జగ్గారావు గ్లాసు కింద పెట్టేశాడు.

బండి మీద దింపుతానని అతను అంటే మీనాకుమారి వద్దంది. "ఆవిడ దగ్గరుండన్నా. మేం నడిసెళ్తాం" అని పిల్ల చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఒక్కో అడుగుకీ పిల్ల మొహంలోకి చూస్తూ నడిచింది.

సందులో ఒక మేకపిల్ల అడ్డమొచ్చింది. తీతు చెయ్యి విడిపించుకుని దాని వెంట పరుగెత్తింది. కొత్త బూట్లు టపటపమన్నాయి. ఆగు అనే మాట మీనాకుమారి గొంతు దాకా వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేకపిల్ల సందు మలుపు తిరిగింది, దాని వెనకే పిల్ల కూడా. సందు ఖాళీ అయిపోయింది.

మీనాకుమారి లెక్కపెట్టింది. పది. ఇరవై. ఎవరో అరుగు మీంచి, "ఏటమ్మా, ఎవరి కోసం?" అన్నారు. ముప్పై దాటి లెక్క తప్పింది.

అప్పుడు తీతు మలుపులోంచి బయటికొచ్చింది. మేకపిల్లని రెండు చేతులా పొదువుకుని, మొహం ఎర్రబడి, రొప్పుతూ వస్తోంది. పరుగెత్తిన ఏ పిల్లయినా రొప్పేటట్టే రొప్పుతోంది.