అద్దెకు తెచ్చిన పేదరికం

మా బ్రిటన్‌లో మళ్ళీ ఓ ప్రధాని దిగిపోయాడు. ఎందుకు దిగాడో నాకు గుర్తు లేదు. అంతకు ముందు దిగినావిడ సంగతి అసలే గుర్తు లేదు. ప్రధానుల పేర్లు గుర్తుపెట్టుకోవడం నేనెప్పుడో మానేశాను. ఈసారి మాత్రం పట్టించుకోక తప్పలేదు. ఆ కుర్చీకి పార్టీలో పోటీ పడుతున్న నలుగురిలో మా అబ్బాయి ఒకడు.

వాడి పేరు పెరిగ్రిన్. బాప్తిస్మం రోజున ఫాదరు కూడా రెండుసార్లు అడిగి మరీ పలికిన పేరు. పోస్టర్ల మీద ‘పెర్రీ’ అని వేయించుకున్నాడు. అప్పటికి ఇళ్ల శాఖ మంత్రి. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

“మమ్మీ, మనం ఎప్పుడైనా పేదవాళ్ళమా?”

“మీ నాన్న పళ్ళ డాక్టరు. మనది పదకొండు గదుల ఇల్లు. నీ చిన్నప్పుడు వంటావిడ చెప్పాపెట్టకుండా మానేస్తే కొన్నాళ్ళు టోస్టు తిన్నాం. పనికొస్తుందా?”

“జోకులొద్దు. మిగతా ముగ్గురిలో ఒకాయన తండ్రి లారీ నడిపాడట. ఇంకొకాయన తల్లి ఆస్పత్రిలో నేలలు తుడిచిందట. మూడో ఆవిడ తాత అయితే జేబులో మూడు పౌండ్లతో ఓడ దిగాడు! నాకేముంది? డబ్బున్నవాళ్ళుండే సర్రేలో తోట ఉంది. తోటున్నవాడికి ఓటెవడు వేస్తాడు మమ్మీ?”

చిన్నప్పుడు పరుగుపందెంలో ఓడిపోతే గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. ఓడిపోవడం వాడికి ఎప్పుడూ చేతకాలేదు. ఒక్కగానొక్క కొడుకు. సరే, ఏం చెయ్యమంటావో చెప్పమన్నాను.

అప్పటికే చేసేశాడు. మా నాయనమ్మ పుట్టింది ఉత్తరాన ఓల్డ్‌షా అనే నూలుమిల్లుల ఊళ్ళో, బాబిన్ వీధిలో. “మా మూలాలన్నీ ఆ వీధిలోనే ఉన్నాయి. మా అమ్మ ఉండేది అక్కడే,” అని టీవీలో చెప్పేశాడు. ఎప్పటినుంచి ఉంటోందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ వీధిలోనే నాకో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు.

“ఎన్నిక అయ్యేదాకానే. ఆ ముత్యాల దండ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు. ఇంకో మాట, కెమెరాల ముందు ‘మమ్మీ’ అంటే గొప్పింటి వాసనొస్తుంది, నిన్ను ‘అమ్మా’ అంటాను, కంగారుపడకు.”

బాబిన్ వీధిలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. నా పడకగది గోడ మీద చెయ్యి పెడితే తడి తగిలింది. కిటికీ పక్కన నల్లటి బూజు. ఫోటో తీయడానికొచ్చిన పత్రిక కుర్రాడు దాన్ని చూసి మురిసిపోయాడు. “కాస్త ఆ నలుపు దగ్గరికి జరగండమ్మా,” అన్నాడు. జరిగాను.

ఆ సాయంత్రం పక్కింటావిడ షమీమ్ తలుపు కొట్టింది. చేతిలో వేడివేడి గిన్నె. గొర్రెమాంసం, పైన బంగాళాదుంప చక్రాలు, అచ్చం మా నాయనమ్మ వండినట్టే ఉంది. పచ్చిమిర్చి మాత్రం కొత్త.

“బతికి చెడ్డ మనిషిలా ఉన్నావు, మొహం చూస్తేనే తెలుస్తోంది. సిగ్గుపడకు ఫిలిపా, తిను. గిన్నె రేపిద్దువుగాని.”

ఆవిడ ఆ తర్వాత రోజూ వచ్చింది. నలభై ఏళ్ళు బడిలో పిల్లలకు భోజనం వడ్డించిన చెయ్యి, ఎవరి ప్లేటూ ఖాళీగా ఉండనివ్వదు. ఆవిడ భర్త కరామత్ దగ్గు గోడలోంచి నాకు వినబడుతూనే ఉండేది. ఆ చెమ్మ ఇంట్లో ఉన్నంతకాలం తగ్గదని డాక్టరు చెప్పాడట. “ఇళ్ల శాఖవాళ్ళని గోడలు బాగుచెయ్యండి బాబూ అని అడిగి అడిగి నా నోరు పడిపోయింది. వస్తారు, ఫోటో తీసుకుంటారు, పోతారు,” అంది షమీమ్. సర్రేలో నా పదకొండు గదులూ పొడిగా, తాళం వేసి ఉన్నాయి. నాకు నా మీదే అసహ్యం వేసింది.

పెరిగ్రిన్ కెమెరాలతో దిగాడు. గుమ్మంలో నిలబడి అసలైన బ్రిటన్ గురించి, మన మూలాల గురించి, మన విలువల గురించి దంచాడు. తర్వాత షమీమ్ చెయ్యి పట్టుకుని ఊపుతూ అడిగాడు.

“మీదసలు ఏ ఊరండీ?”

“పక్కిల్లు.”

“అది కాదు, అంతకు ముందు?”

“అంతకు ముందు ఆ చివరిల్లు. పెళ్ళయ్యాక ఇటొచ్చాను. నీదే ఊరు నాయనా?”

వాడు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఎన్నికకు ముందు ఆఖరి సభ ఆ వీధి చర్చి హాల్లోనే పెట్టారు, టీవీలో దేశమంతా చూసేలా. చెమ్మగోడల బాధ తనకు తెలుసని, తన తల్లి ఆ బాధ పడుతోందని చెబుతూ వాడు కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు షమీమ్ లేచింది.

“నాకో సంగతి అర్థం కాలేదు. దేశంలో ఇళ్ళకి మంత్రివి నువ్వే కదా? మీ అమ్మ గోడే ఇంకా కారుతోందే! కన్నతల్లి గోడ ఆరబెట్టలేనివాడివి, మావి ఆరబెడతావా?”

వాడు ఇరుక్కుపోయాడు. నిజం చెబితే అబద్ధాలకోరు, చెప్పకపోతే తల్లిని గాలికొదిలేసినవాడు. పందెంలో వెనకబడ్డ పిల్లాడిలా నావైపు చూశాడు. జాలేసింది. కరామత్ దగ్గు గుర్తొచ్చింది. లేచి మైకు అందుకున్నాను.

“మా వాడు బాగుచేయిస్తాడు. నా ఒక్క గోడే కాదు, వీధి వీధంతా. మంత్రిగా సంతకం రేపే పెడతాడు. పెట్టకపోతే, నేనిక్కడికి ఎక్కణ్ణించి వచ్చానో, ఎలా వచ్చానో, ఆ కథంతా ఇదే మైకులో తీరిగ్గా చెబుతాను.”

“మమ్మీ!” అన్నాడు వాడు, మైకులో.

హాలంతా గొల్లున నవ్వింది. మర్నాడు సంతకం పడింది. తల్లి మాట జవదాటని కొడుకని పత్రికలు రాశాయి. వాడు గెలిచాడు.

ప్రధాని ఇంట్లో కాలుపెట్టగానే నాకే ఫోన్ చేశాడు. “ఇక సర్రే వెళ్ళిపో మమ్మీ, ప్లీజ్.”

“వీధిలో ఆఖరి గోడ ఆరాక.”

ఫోన్ పెట్టేసి బయటికొచ్చాను. షమీమ్ ఇంటిముందు తాపీమేస్త్రీ నింపాదిగా టీ తాగుతున్నాడు.

“కాస్త త్వరగా కానివ్వు నాయనా,” అన్నాను. “ఈ ప్రధాని ఎన్నాళ్ళో ఉండడు.”

“మీకెలా తెలుసమ్మా?”

“కన్నదాన్ని కదా.”