రాజుగారు ఏమన్నారు

కనురెప్పలు కూడా పెట్టారు వీడికి, మా చిన్నప్పటి వీడియో గేములో ఈ కోట కాపలావాడికి మొహమే లేదు, మొహం ఉండాల్సిన చోట నాలుగు గళ్ళు, రెండు నల్లవి, రెండు ఇటుకరంగువి, వాటినే కళ్ళనుకున్నాం, బుగ్గలనుకున్నాం, సర్దుకుపోయాం, ఇప్పుడేమో రెప్పలు, చెమట, మెడ మీద పుట్టుమచ్చ, ఎవరడిగారయ్యా వీడి పుట్టుమచ్చ, పాట కూడా పాడుచేశారు, టింగు టింగుమని ఒక్క వేలితో వాయించినట్టుండేది, దాన్ని యాభైమంది వయొలిన్లు పట్టుకుని సాగదీస్తున్నారు, పాత ఆటకి కొత్త మెరుగులట, మెరుగులు పెట్టమని నేను వెళ్ళి కాళ్ళు పట్టుకున్నానా, లేదు గానీ డబ్బు కట్టి మరీ దించుకున్నాను, దించుకోక ఏం చెయ్యను, ఆదివారం, నాకు షాపు లేదు, రేపు పొద్దున నాన్నకి గుండె ఆపరేషన్, నన్ను రావద్దన్నాడట, అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు, నువ్వు ఆసుపత్రికి రాకు, నాన్న వద్దంటున్నాడు, నిన్ను చూస్తే బీపీ పెరుగుతుంది, అంతా అయ్యాక మెల్లగా చూద్దాంలే, అయ్యాక అంటే ఏదయ్యాక అని నోటిదాకా వచ్చింది, మింగేశాను, సరే అన్నాను, ఆరేళ్ళుగా ప్రతిదానికీ అదే కదా అంటున్నాను, ఫోన్ పెట్టేసి గిన్నెలు తోమాను, తోమినవే మళ్ళీ తోముతుంటే మా ఆయన చేతిలోంచి పీచు లాక్కుని, వెళ్ళి కాసేపు ఆ బొమ్మలాటేదో ఆడుకో తల్లీ, గిన్నెలకి చిల్లులు పడేలా ఉన్నాయి, అన్నాడు.

ఈ ఆట మా ఇంటికి తెచ్చింది నాన్నే, అమ్మ పోయిన ఏడాది, నాన్నకి ఓదార్చడం రాదు, కళ్ళజోళ్ళ షాపు ఆయనది, ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను, పొద్దస్తమానం దాని ముందే, నోరు తెరిస్తే తిన్నావా, తలుపు దగ్గరగా వెయ్యి, అంతే, ఎవరో కస్టమర్ ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చాడని టీవీకి తగిలించే ఆ గేము పెట్టె తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు, తెర మీద మనుషులు మాట్లాడితే కింద రాతలు పడేవి, ఏ దేశం రాతలో, చిన్న చిన్న గుడిసెలు వరసగా కట్టినట్టుండేవి, నాకు ఏడేళ్ళు, అన్నయ్యకి పదకొండు, ఈ రాతలు చదవడం నాకు వచ్చు, మా క్లాసులో ఒకడు నేర్పాడు, అన్నాడు వాడు, పదకొండేళ్ళవాడికి రానిదేముంటుంది, నమ్మాను, గొంతులు మార్చి మార్చి చదివేవాడు, మంత్రగత్తెకి ముక్కుతో, కాపలావాడికి నత్తితో, రాజుగారికి బిందెలో తల పెట్టినట్టు, ఏం చదివేవాడు, రేడియో నాటకాలు ఎందుకూ పనికిరావు, ఆ రెండు మూడేళ్ళూ మా ఇంట్లో అమ్మ లేదన్న సంగతి మర్చిపోయిన గంటలు అవే, అందుకే ఈ కొత్తదాంట్లో మాటలు నాకు వచ్చిన భాషలో పెట్టారని చదవగానే ఎగిరి గంతేశాను, అన్నయ్య చెప్పిందంతా ఇప్పుడు నా అంతట నేను చదువుకోవచ్చని, నా పిచ్చి గానీ.

మొదటి ఊళ్ళో ముసలమ్మ, ఈవిడ నాకు బాగా గుర్తు, మనవడికి జ్వరం బాబూ, అడవిలోంచి వంద మూలికలు తెచ్చిపెట్టు అని ఏడ్చేది, అన్నయ్య నాకు ఆ పని అప్పజెప్పి బయటికి పోయేవాడు, నువ్వు ఓపికమంతురాలివి, నువ్వు ఏరు, నేనిప్పుడే వస్తా, బొటనవేలు బొబ్బలెక్కేదాకా ఏరాను, మనవడు బతకాలని ఏరాను, ఇప్పుడీ ముసలమ్మ దగ్గరికెళ్ళి మీట నొక్కితే ఏమంటుంది, ఈ బావి నీళ్ళు తాగకు నాయనా, కడుపునొప్పి వస్తుంది, అంటుంది, అంతే, మనవడూ లేడు, జ్వరమూ లేదు, మళ్ళీ నొక్కాను, మళ్ళీ బావి నీళ్ళే, ఓరి నీ దుంపతెగ అని అరిచాను, మా ఆయన వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చాడు, చెప్పాను, విరగబడి నవ్వాడు, మీ అన్నయ్య ఉండాల్సిన చోట లేడే, కళ్ళజోళ్ళు అమ్ముకుంటున్నాడు పాపం, నేనూ నవ్వాను, ఆ తర్వాత మంత్రి, ఈయన మంచివాడని మా కత్తులన్నీ ఇచ్చేశాం, తీరా చూస్తే వీడే దొంగ, పచ్చిగా చెబుతున్నాడు, నన్ను నమ్మితే చెడిపోతావు అని, ఆ తర్వాత గుహలో తెల్ల ముసుగు పిల్ల, దాన్ని వెంట తీసుకురాకూడదు, అది శత్రువుల మనిషి అని అన్నయ్య అన్నాడు, వదిలేసి వస్తూ నేను ఎంత ఏడ్చాను, అది కింద ఏమంటోందయ్యా అంటే, నాకు గాయాలు మాన్పడం వచ్చు, నన్నూ తీసుకెళ్ళండి, అన్నయ్యకి ఆ రాతల్లో ఒక్క అక్షరం రాదు, ఒక్కటంటే ఒక్కటి, ఈసారి నవ్వు రాలేదు, వాడికి తోచింది చెబుతూ నన్ను కూర్చోబెట్టాడు, నేను ప్రాణం పెట్టిన ఆట అసలు లేనేలేదు, నా ఏడుపులన్నీ వాడి కట్టుకథలకి, ఒళ్ళు మండిపోతోంది, ముప్పై దాటాక ఒక ఆట గురించి ఒళ్ళు మండటమేంటి అని ఎవరైనా అంటే వాళ్ళ మీద కూడా మండుతుంది.

మోసం చేశాడు, ఆ మాట అనడానికి నోరు రావట్లేదు గానీ అదే, మోసం, పోనీ తెలీదని ఒక్కసారి చెప్తే నేనేమన్నా వాడి తల తీసేదాన్నా, ఇద్దరం కలిసి తెలీకుండా ఆడుకునేవాళ్ళం, వాడికి ఖాళీ ఉంటే పడదు, అర్థం కానిచోట ఏదో ఒకటి కూరేస్తాడు, అదీ అనుమానం లేకుండా, గొంతు సవరించుకుని మరీ, సరే, రాజుగారి దగ్గరికి వచ్చాను, కూతురు కోట వదిలి వెళ్ళే చోటు, ఇది వస్తుందంటేనే నేను దిండు పట్టుకునేదాన్ని, రాకుమారి వంగుతుంది, రాజుగారు గిర్రున వీపు తిప్పేస్తాడు, మళ్ళీ ఇటు తిరిగేసరికి చేతిలో పొడుగ్గా గోధుమరంగు గళ్ళు, కత్తి దూశాడే అనేవాడు అన్నయ్య, బిందె గొంతుతో, పో, ఈరోజుతో నాకు కూతురు లేదు, నా కళ్ళ ముందుకి రాకు, ఇప్పుడు ఆ గళ్ళు పోయి వేళ్ళు కనిపిస్తున్నాయి, వేళ్ళలో కత్తి లేదు, కంబళి ఉంది, వీపు తిప్పింది సింహాసనం మీది కంబళి తియ్యడానికి, రెండు చేతులతో కూతురికి ఇస్తున్నాడు, కింద రాతలో, దారిలో చలి ఎక్కువ, కప్పుకో, అని ఉంది, నేను దాన్ని చదువుతూనే ఉన్నాను, చెవిలో మాత్రం అన్నయ్య గొంతే, ఈరోజుతో నాకు కూతురు లేదు, నా కళ్ళ ముందుకి రాకు, ఆగాగు, ఈ మాట నాకు రాజుగారొక్కరే కాదు చెప్పింది.

నాన్న షాపులో అన్నయ్యే చెప్పాడు, ఆరేళ్ళ కింద, ఎదురుగా ఎవరో పెద్ద షాపు పెట్టి నన్ను కళ్ళు పరీక్ష చేసే పనికి రమ్మన్నారు, నేను చదువుకుంది అదే, నాన్న షాపులో ముగ్గురికి పని లేదు, వెనక గదిలోకి వెళ్ళి నాన్నకి చెప్పాను, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, నా వంక చూశాడు, మిషను వైపు తిరిగి స్విచ్ వేశాడు, నేను ముందు గదిలోకొచ్చి ఫ్రేముల మధ్య నిలబడ్డాను, అన్నయ్య లోపలికెళ్ళి వచ్చాడు, మొహం వేలాడేసుకుని, ఈరోజుతో నాకు కూతురు లేదంటున్నాడే, కళ్ళ ముందుకి రావద్దంటున్నాడు, అన్నాడు, వెళ్ళిపోయాను, ఆ మిషను తిరుగుతుంటే పక్కనోడు కేకేసినా వినపడదు, ఆ గదిలో పెరిగిందాన్ని, నాకు తెలీదూ, అయినా తోచలేదు, పైగా నాన్న అంత పొడుగు మాట జన్మలో ఎప్పుడన్నా అన్నాడా, ఒకసారి షాపుకి ఫోన్ చేస్తే అన్నయ్యే ఎత్తాడు, ఇప్పుడు కాదులే కోపంగా ఉన్నాడు, మరోసారి ఎవరో పెద్దాయన నా దగ్గరికి కళ్ళు చూపించుకోవడానికొచ్చి కుర్చీలో కూర్చుని, ఎదుటి షాపాయన పంపాడమ్మా, మా అమ్మాయి చాలా బాగా చూస్తుంది, అక్కడికే వెళ్ళండన్నాడు, అంటే, పెట్టిన లెన్సే తీసి మళ్ళీ పెట్టాను, సాయంత్రం అన్నయ్యనడిగితే, పిచ్చిదానా, అది ఎత్తిపొడుపే, నీకు అర్థం కాదా, అన్నాడు, ఎత్తిపొడుపే అనుకున్నాను, ఆ రాత్రి అన్నం తినలేదు, మా అమ్మాయి చాలా బాగా చూస్తుంది, దీనికి ఇంకో అర్థం ఎక్కడినుంచి వచ్చింది.

ఫోన్ చేశాను, అన్నయ్యా, నాన్న నన్ను రావద్దన్నాడన్నావు కదా, ఏ మాటతో అన్నాడు, ఉన్నదున్నట్టు చెప్పు, ఇప్పుడేంటే అన్నాడు, చెప్పు అన్నాను, అన్నాడంటే, నోటితో అన్నాడని కాదు, రేపు దాన్ని రమ్మననా అని అడిగితే అటు తిరిగి పడుకున్నాడు, దానర్థం ఏంటి మరి, ఆయన సంగతి నీకు తెలీదా, నాకు తెలీదు, అన్నాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, పక్కన మా ఆయన పొయ్యి కట్టేసి వచ్చి నిలబడ్డాడు, మరి నా గురించి ఆయనకి ఏం చెప్పావు, అన్నాను, ఫోన్లో ఆసుపత్రి ట్రాలీ ఏదో వెళ్తున్న చప్పుడు, తర్వాత అన్నయ్య, నువ్వు సరే అన్నావుగా, అదే చెప్పాను, రానంటోంది నాన్నా అని, అన్నాడు, అలా మామూలుగా, ఏ తప్పూ లేనట్టు, అప్పుడు కూడా అలాగే చెప్పావా, షాపులో, నేను వెళ్ళిపోయిన రోజు, అంటే, అబ్బా అవన్నీ ఇప్పుడెందుకే, నువ్వు వెళ్ళిపోయావు, ఆయనకి ఏదో ఒకటి చెప్పాలి కదా, అన్నాడు, నేను పెట్టేశాను, తెర మీద రాజుగారు కంబళి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, మీట నొక్కితే గానీ కదలడు, మా ఆయన బండి తాళాలు తీశాడు, చెప్పులు ఎక్కడున్నాయో కనపడటంలేదు, ఒకటి దొరికింది, తలుపు వెనక ఇంకొకటి, నాన్న ఏమన్నాడో నాకు తెలీదని ఏడుస్తున్నాను గానీ అది కాదు, అక్కడ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇన్నేళ్ళూ నా మాట కూడా అన్నయ్య గొంతులోనే విన్నాడు.