కాలరు లోపలి తేలు

పేర్లు రాయనిది మీరు. రాయకుండా వదిలేసి, ఇప్పుడు పుస్తకం తిరగేసి అలాంటి మనిషే లేడు పొమ్మంటున్నదీ మీరే. ఆనాడు జాబితా కట్టిన అధికారులు ఎటూ పోయారు కాబట్టి, వాళ్ళ వంతు కూడా కలిపి మిమ్మల్నే అడుగుతున్నాను, స్మారక శిల కమిటీ పెద్దలారా. మా తాత యుద్ధంలో పనిచేశాడు. ఆ రాతి మీద ఆయన పేరెందుకు లేదు?

మూడుసార్లు అర్జీ పెట్టాను. మూడుసార్లూ ఒకే ముక్క తిరిగొచ్చింది: "ఈ పేరు గల సిపాయి లేడు." మూడో కాగితం మా అమ్మ చేతికే అందింది. తాతకు ఒక్కతే కూతురు. ఎనభై రెండేళ్ళు. పక్కింటావిడతో చదివించుకుని, మడిచి, అద్దం వెనక పెట్టింది. "పోనీలేవే, బతికున్నప్పుడే నమ్మలేదు," అని ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నాకు పట్టలేదు. తండ్రి పేరు రాతి మీద చూసి పోవాలన్నది ఆమెకు మిగిలిన ఒకే ఒక్క కోరిక. జాబితా మూసేది ఈ నెలాఖరున.

తాతను మా పేటంతా 'ఉత్తుత్తి సిపాయి' అనేది. నాలుగేళ్ళు ఇంటి మొహం చూడకుండా ఉండి తిరిగొచ్చాడు. ఎక్కడికి పోయావయ్యా అంటే "యుద్ధంలో పనిచేశా" అనేవాడు, అంతకు మించి పెదవి విప్పేవాడు కాదు. ఒకసారి ఎవరో సరదాకి చేతిలో తుపాకీ పెడితే దండెం కర్రలా అడ్డంగా పట్టుకున్నాడట. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. తాతతో అది పోలేదు కూడా. బళ్ళో అమ్మను పట్టుకుని "మీ నాన్న ఎన్ని ఈగల్ని చంపాడే?" అని ఏడిపించేవాళ్ళు. అమ్మ ముసలిదైంది గానీ ఆ మాటకి ముసలితనం రాలేదు. మొన్న మీ గుమస్తా నా అర్జీ చూసి పక్కవాడి వైపు తిరిగి నవ్వాడు.

నా తప్పు కూడా చెప్పేస్తాను. నేను వీధులూడ్చేవాళ్ళ సంఘం మనిషిని. చీపురు పట్టిన చేతికి గౌరవం ఇవ్వమని ఇరవై ఏళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. అలాంటిదాన్ని, సొంత తాత దగ్గరికొచ్చేసరికి ఆయన చేతిలో తుపాకీ ఉండి తీరాలనుకున్నాను. మూడేళ్ళు సిపాయిల జాబితాలే గాలించాను.

పాత కాగితాలన్నీ రికార్డు గదిలో ఉంటాయి. దాన్ని చూసుకునేది ఒక పెద్దాయన. కళ్ళద్దాల కాడ విరిగితే దారం చుట్టుకుని పెట్టుకున్నాడు. మూడో కాగితం పట్టుకుని నేను తిన్నగా ఆయన మీదికే వెళ్ళాను.

"మనుషుల పేర్లు మింగి కూర్చున్నారు మీరంతా. మీ జీతాలు మాత్రం పేరు పేరునా తీసుకుంటారు."

"అయిపోయిందా అమ్మా?"

"ఇంకా ఉంది."

"అయితే కూర్చుని అనండి. ఆ కుర్చీ కాదు, దానికి మూడే కాళ్ళు."

కూర్చున్నాను. ఆయన కాగితం చూసి పక్కన పెట్టాడు. "మీ తాతకి ఇంట్లో దేనికి కోపం వచ్చేది?"

"ఇదేం ప్రశ్నండీ?"

"యుద్ధం సంగతి చెప్పనివాళ్ళు చాలామందే ఉంటారమ్మా. కానీ వాళ్ళ పని ఇంకొకళ్ళు తప్పుగా చేస్తే చూసి ఊరుకోలేరు. గుర్తు తెచ్చుకోండి."

గుర్తు తెచ్చుకోనక్కర్లేదు. తాత అరవగా నేను విన్నది ఒక్కసారే. నాకు ఆరేళ్ళు. పడి మోకాలు చీరుకుపోయింది. గౌను నిండా రక్తం. అమ్మ వేడినీళ్ళ చెంబు ఎత్తింది. తాత గౌను లాక్కున్నాడు. "రక్తం మీద వేడినీళ్ళా? బుద్ధుందా? ముందు చన్నీళ్ళు, తర్వాత ఉప్పు. వేడి తగిలిందంటే చచ్చినా పోదు." ఆ గౌను తనే ఉతికాడు. మరక ఏమూలా మిగల్లేదు.

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "అవి ఆసుపత్రి చేతులు తల్లీ. మూడేళ్ళూ మీరు వేరే బీరువా ముందు నిలబడ్డారు."

ఆ వయసులో తనే నిచ్చెనెక్కి, పై అరలోంచి ఒక లావుపాటి పుస్తకం దించాడు. యుద్ధకాలపు ఆసుపత్రిలో బట్టలుతికే విభాగానిది. మొదటి పేజీలో "ఉతికేవాళ్ళు: పద్నాలుగు మంది" అని ఉంది. పేర్లు లేవు. ఎదుటి పేజీలో క్షతగాత్రుల్ని మోసే కంచర గాడిదల జాబితా ఉంది. ఒక్కోదానికి పేరుంది. ఒకదాని పేరు రాణి.

"గాడిదకి పేరుండి మనిషికి లేదా?" అన్నాను.

"అరవకండి, కింద చూడండి."

కింద పద్నాలుగు గుర్తులున్నాయి. రాయడం రాదు కాబట్టి తలా ఒక గుర్తు. ఏ మూట ఎవరు ఉతికితే ఆ వరసలో వాళ్ళ గుర్తు. తొమ్మిదోది మూడు చుక్కలు వరసగా, ఒక చివర పైకి మెలి తిరిగిన తోక.

తేలు.

మా ఇంట్లో ఏ చొక్కా కాలరు తిప్పినా ఆ తేలు ఉండేది. ఉతికినా పోని నల్ల సిరాతో తాతే వేసేవాడు. నా గౌన్ల మీద, అమ్మ గౌన్ల మీద, చివరికి తుండుగుడ్డల మీద కూడా.

"అమ్మని తీసుకురండి," అన్నాడు పెద్దాయన. "నేను నమ్మితే చాలదు. ఎరిగినవాళ్ళు చూసి చెప్పాలి."

మర్నాడు అమ్మ తన చిన్నప్పటి గౌను మూటగట్టుకుని వచ్చింది. మూట విప్పుతూ ఆయనతోనే చెప్పింది: "బళ్ళో దీన్ని చూసి నన్ను తేలుపిల్ల అన్నారు బాబూ. ఇంటికొచ్చి ఏడిస్తే, తేలుంటే ఎవడూ ఎత్తుకుపోడే అన్నాడు మా నాన్న." గౌను కాలరు తిప్పి పుస్తకం పక్కన పెట్టింది. వంగి చాలాసేపు చూసింది. "తోక ఎడమకుంది. పుర్రచెయ్యి ఆయనది. ఇది మా నాన్నే."

పెద్దాయన ఆ గుర్తు ఉన్న వరసలు చదవడం మొదలుపెట్టాడు. "చొక్కా, చనిపోయినవారిది, ఇంటికి పంపవలెను." పేజీ తిప్పాడు. "చొక్కా, చనిపోయినవారిది, ఇంటికి పంపవలెను." దుప్పట్లూ కట్టుగుడ్డలూ మిగతావాళ్ళ గుర్తుల దగ్గర ఉన్నాయి. చనిపోయినవాళ్ళ చొక్కాల పక్కన మాత్రం అన్నిచోట్లా తేలే. నూట అరవై ఏడు లెక్క తేలాయి.

అమ్మ ఏడవలేదు. "మరకతో వెళ్తే ఆ తల్లి ఏం చూసేది," అంది. గౌను మడుస్తూ, "అందుకా చన్నీళ్ళు," అంది.

తర్వాత నా వైపు తిరిగింది. "ఎన్ని ఈగల్ని చంపాడంటే ఇన్నాళ్ళూ జవాబు లేకపోయింది కదే. ఇప్పుడుంది. ఒక్కదాన్ని కూడా చంపలేదు."

ఆమె మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఉతికిన ఏ చొక్కానో ఇప్పటికీ ఎవరింటి పెట్టెలోనో తెల్లగా ఉండి ఉంటుంది. నా మోకాలి గౌనుకు ముందు నూట అరవై ఏడు ఇళ్ళకు ఆయన ఆ పని చేసిపెట్టాడు. అది తెలిశాక తాత చేతిలో తుపాకీ వెతికినందుకు సిగ్గుపడ్డాను. ఆ చేతులు పెంచిన ఇంట్లో పుట్టినందుకు మాత్రం మనసు నిండిపోయింది.

"నిన్న మిమ్మల్ని అన్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నానండీ," అన్నాను పెద్దాయనతో.

"ఉంచండి. పైవాళ్ళ దగ్గర పనికొస్తాయి." చదివిన పేజీలన్నీ తన చేత్తో నకలు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. అమ్మ ఆయన్ని కళ్ళద్దాలు ఇమ్మని అడిగింది. వదులైపోయిన దారం విప్పి, తన మూట దారంతో ఆ కాడ గట్టిగా చుట్టి ఇచ్చింది. ఆయన రుణం తీర్చుకోవడానికి అది చాలదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ నకలు పట్టుకుని మీ దగ్గరికొచ్చాం. మీ అధ్యక్షుడు చూసి, "గుర్తు పేరెలా అవుతుందమ్మా? అయినా బట్టలుతికినవాడు సిపాయి కాదుగా," అన్నాడు. మా అమ్మ చెప్పిన జవాబు ఆయన మీకు చెప్పి ఉండడు, అందుకే రాస్తున్నాను: "సిపాయని చెక్కమని నేనడగలేదు నాయనా. అది మీరంతా పెట్టిన పేరు. మా నాన్న పనిచేశాననే అన్నాడు. పనిచేశాడనే చెక్కండి." మీ అందరి తరఫునా ఆలోచిస్తామన్నాడాయన.

ఆలోచించడానికేమీ లేదు. తాత పేరు చెక్కండి, పక్కన 'ఉతికేవాడు' అని చెక్కండి, దాని పక్కన తేలు చెక్కండి. మిగతా పదమూడు గుర్తులు కూడా ఉన్నవి ఉన్నట్టు చెక్కండి. వాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఎక్కడో నాలాగే వేరే బీరువా ముందు నిలబడి ఉంటారు. చూస్తే గుర్తుపడతారు. చోటు లేదంటారా, రాతి అడుగున కమిటీ సభ్యులమని మీ పేర్లు తొమ్మిది చెక్కించుకున్నారు, అవి తీయించండి. నెల మారిన మొదటి రోజు పొద్దున్నే మా అమ్మ చెంబుతో చన్నీళ్ళూ ఒక మెత్తటి గుడ్డా తీసుకుని ఆ రాయి తుడవడానికి వస్తుంది. అప్పటికల్లా పద్నాలుగు గుర్తులూ దాని మీద ఉండాలి.