నట్టు మీద రెండో గీత

మేస్త్రి ఎర్ర బగ్గీ కింద వెల్లకిలా పడుకుని టై రాడ్డును పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. ముందు చక్రాన్ని స్టీరింగుకు కలిపే కడ్డీ అది. దాని కొసన ఉన్న కీలు వదులైతే బండి రాయెక్కినప్పుడల్లా స్టీరింగు చేతిని తంతుంది. మరీ బిగిస్తే రోకలి పట్టుకున్నట్టుంటుంది, కింద ఇసుకుందో రాయుందో తెలియదు. ఈ రెంటికీ నడుమ వెంట్రుకవాసి జాగా ఉంది. అదెక్కడుందో వేళ్ళతో వెతకడమే మేస్త్రి పని.

పాడుబడ్డ కంకర క్వారీలో జనం సరదాకి బగ్గీలు, అంటే రాళ్ళలో ఇసుకలో పరిగెత్తే చిన్న మోటారు బళ్ళు, అద్దెకు తీసుకుని తోలుకునే చోటది. గుంత ఒడ్డున రేకుల షెడ్డు, మూలన టైర్ల గుట్ట, నేల నిండా నూనె తాగిన ఇసుక. మేస్త్రి పొట్టి మనిషి. మెడ పెట్టడం దేవుడు మర్చిపోయినట్టు తల నేరుగా భుజాల మీదే కూర్చుని ఉంటుంది. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. బాగుచేసిన ప్రతి బండినీ తనే గుంతలోకి తోలి చూసేవాడు. బతుకంతా ఆ అదురు ఆ చేతుల్లోకే పోయింది.

ఎర్ర బగ్గీని ఓనరు ఈమధ్యే ఎవరి దగ్గరో కొన్నాడు. ఆ ఎవరో సోకు కోసం చక్రాల వెనక మందపాటి బిళ్ళలు వేయించి, వాటిని బయటికి నెట్టించాడు. చక్రం ఎంత బయటికి పోతే, స్టీరింగును తన్నడానికి రాయికి అంత బలం. మేస్త్రి అతని వంశాన్ని తిట్టుకుంటూ ఆ బిళ్ళలు తీసేశాడు. బండి ఎగిరిపడ్డప్పుడు చక్రాలు వాటంతటవే పక్కకు తిరక్కుండా స్టీరింగు పెట్టెను రేకుముక్కలతో కాస్త ఎత్తి, కడ్డీలను సమంగా పరిచాడు. ఇంత తంటా ఎందుకు, అదురును మింగే నూనె గొట్టం ఒకటి బిగించి పంపెయ్యమన్నాడు ఓనరు. దెబ్బ తెలియకుండా చేసినంత మాత్రాన రాయి పోదు కదా అన్నాడు మేస్త్రి.

కీలు కుదిరిందనిపించాక నట్టు బిగించి, నట్టు మీదుగా కడ్డీ మీదికి పసుపు రంగుతో ఒక గీత గీశాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఆ అలవాటు ఆయనదే. దాన్నే బావమరిదికీ నేర్పాడు. పెళ్ళినాటికి ముక్కు కారుతూ అక్క కొంగు పట్టుకు తిరిగిన ఆ బావమరిదిని ఇంట్లో పెట్టుకుని పెంచి పనివాణ్ణి చేశాడు. పిల్లలు లేని ఇంట్లో వాడే కొడుకు.

మేస్త్రి బండిని గుంతలో ఒక చుట్టు తిప్పుకొచ్చి, స్టీరింగు తన్నడం పోయిందన్నాడు. చేతిలో వెన్నలా తిరుగుతోందన్నాడు. బావమరిది కళ్ళు దించుకుని, అన్నం తిన్నాక తనూ ఒక చుట్టు కొట్టొస్తానన్నాడు. వాడికి బండెక్కే సరదా ఇంకా తీరలేదనుకుని మేస్త్రి నవ్వుకున్నాడు.

కొన్నాళ్ళుగా ఆయన వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటున్న మాట నిజమే. వయసన్నాక ఏదో ఒకటి ఉంటుందని సరిపెట్టుకున్నాడు. ఒకసారి మరిగే నీళ్ళు చెంబుతో ముంచి భుజాన పోసుకున్నాడు. అప్పట్నుంచి ఆయన స్నానానికి వెళ్ళేలోపు భార్యే బకెట్లో చెయ్యి పెట్టి చూస్తోంది. కొత్త పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని మర్యాదలు జరగవని ఆయన వేళాకోళం చేసేవాడు, ఆవిడ నవ్వేది కాదు.

మధ్యాహ్నం పంక్చరైన పాత నీలం బగ్గీ వచ్చింది. చక్రం విప్పి పక్కన పెట్టిన మేస్త్రి కళ్ళు కడ్డీ మీద నిలిచిపోయాయి. కళ్ళకేం జబ్బు లేదు. గీత ఉంది. దాని పక్కనే, మట్టి కింద, ఇంకో గీత ఉంది. అది నట్టు దగ్గర విరిగి, రెండు ముక్కలూ దూరంగా జరిగాయి. ఆయన బిగించిన నట్టును ఎవరో మళ్ళీ విప్పి, కీలు సరిచేసి, బిగించి, అచ్చం ఆయనలాగే కొత్త గీత గీశారు.

మేస్త్రి లేచి వరసగా ఉన్న బళ్ళలో ఒక్కొక్కదాని కిందికీ దూరాడు. తను ఎప్పుడో చేసిన వాటికి ఒకటే గీత. ఈమధ్య చేసిన ప్రతిదానికీ రెండు.

ఎవర్నీ ఏమీ అడక్కుండా ఎర్ర బగ్గీ ఎక్కి గుంతలోకి దింపాడు. ఈసారి దారిని కాక చేతుల్నే చూశాడు. స్టీరింగు అటూ ఇటూ కొట్టుకుంటోంది. దానితోపాటు తన చేతులూ ఎగిరిపడుతున్నాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు బళ్ళు ఇన్నాళ్ళూ మొత్తుకుంటూనే ఉన్నాయి, ఆయనకే వినపడలేదు. భయమేసింది. బ్రేకు తొక్కేలోపే ముందు చక్రం బండరాయికి తగిలి స్టీరింగు గిర్రున తిరిగింది. బొటనవేలు స్టీరింగు చక్రం లోపల పెట్టొద్దని వచ్చిన ప్రతివాడికీ చెప్పే మేస్త్రి, తన వేలు లోపలే ఉందని అది వంకరపోయాక చూసి తెలుసుకున్నాడు. నొప్పి మోచేతి దగ్గరెక్కడో సన్నగా మొదలైంది.

బావమరిది పరిగెత్తుకొచ్చి తన కండువా చింపి వేలికి కట్టాడు.

"ఎప్పట్నుంచిరా?" అన్నాడు మేస్త్రి.

"పోయిన వానల్నుంచి బావా."

"నువ్వే కనిపెట్టావా?"

వాడు ముడి వేయడం పూర్తి చేశాడు. "అక్క చెప్పింది. బావ చేశాక ఒకసారి నువ్వు చూస్తుండరా, ఆయనకి తెలియనివ్వకు అంది."

ఇంట్లో ముందు నడిచి నీళ్ళు చూసేది అక్క, ఇక్కడ వెనక నడిచి నట్లు చూసేది తమ్ముడు. మేస్త్రికి కోపం తెచ్చుకోవాలనిపించింది, రాలేదు. సిగ్గు మాత్రం వచ్చింది.

"నీకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు ఎవరు చూశారు?"

వాడు తల వంచుకున్నాడు. "ఎవరూ చూళ్ళేదు. ఏం కాలేదుగా బావా."

మేస్త్రికి ఆ రోజు బాగా గుర్తుంది. ఒక తల్లినీ ఆవిడ కూతుర్నీ తనే బండెక్కించి, బెల్టు బిగించి, మా బండి మీ మాట వింటుందమ్మా, భయపడకండి అని సాగనంపాడు. ఆ పిల్ల గుంతలోంచి చెయ్యి ఊపితే తనూ ఊపాడు.

"మానేస్తే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు బావా? నేను చూసుకుంటాగా. ఎవరికీ తెలియదు."

"నాకు తెలిసిందిగా," అన్నాడు మేస్త్రి. "రేపట్నుంచి నువ్వే చెయ్యి. ఓనరుకి నేను చెప్పుకుంటాను."

షెడ్డులోకి వచ్చి ఇంటి బట్టలు వేసుకున్నాడు. గుండీలు బావమరిది పెట్టాడు, ఆయన పిల్లాడిలా గడ్డం ఎత్తి నిలబడ్డాడు. ఓనరు గదిలోకి వెళ్ళినవాడు కాసేపటికే బయటికొచ్చి, షెడ్డు వైపు తిరగకుండా రోడ్డెక్కాడు. బావమరిది దింపొస్తానన్నా వినలేదు. వాడు ఆయన కనుమరుగయ్యేదాకా నిలబడి, లోపలికొచ్చి, ఎర్ర బగ్గీ నట్టు విప్పడానికి పానా తీసుకున్నాడు.

మేకుకు మేస్త్రి ఖాకీ చొక్కా వేలాడుతోంది. నూనెకీ చెమటకీ అట్టకట్టిన ఆ చొక్కా చేతులు రెండూ మోచేతుల దగ్గర మడతపడి, ఎదురుగా ఏదో పట్టుకున్నట్టు ఇంకా ముందుకే వంగి ఉన్నాయి.