తల్లి తట్టు రక్తం

రాజ్‌కుమార్ క్వార్టర్‌లో ఇంటి కూటం పెడితే ప్రార్థన అందరిదీ, ఉప్మా మాత్రం భార్య సుసన్నాది. ఆమె కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి చెప్పులు విప్పకముందే అత్త సారవ్వ అందుకుంది. "పాస్టరయ్యగారు జల్ది వస్తనన్నరు. ఉల్లిగడ్డలు కొయ్యి. చాయ్‌ల అల్లం మంచిగెయ్యి."

కత్తిపీట ముందు కూర్చుంటే సుసన్నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన నెల జ్వరానికి వేసిన గోలీలతో కూతురు హన్నా కళ్ళు పచ్చబడి, మూత్రం నల్లగా వచ్చింది. పిల్ల చేతికి దక్కడమే గొప్ప. బిడ్డ రక్తంలో ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువని, అలాంటి రక్తం కొన్ని మందులకు తట్టుకోదని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్లకు ఇంత తక్కువుందంటే తల్లీ తండ్రీ ఇద్దరూ ఇచ్చిందే అయ్యుంటుంది, తండ్రి కూడా పరీక్ష చేయించుకోవాలి, ఆ గోలీలు ఆయన ప్రాణం మీదికీ తేవచ్చు అంది. బయటికొచ్చాక రాజ్‌కుమార్ మొహం గంటు పెట్టుకున్నాడు. "ఇన్నేండ్ల సంది బొగ్గుబాయిల దిగుతున్న. నా రక్తానికేమైంది? అది మీ తల్లిగారింటి బీమారి."

పిల్ల ముక్కు తండ్రిది, రంగు తండ్రిది, లెక్కల్లో మార్కులు తండ్రివి. రోగం మాత్రం తల్లిది. ఎమ్మెస్సీలో సుసన్నా మడగాస్కర్ అడవుల్లో ఉండే లెమర్ల రక్తంలోని ఎంజైముల మీదే ప్రాజెక్టు చేసింది. ఏ పిల్ల నమూనా చూసినా తల్లి ఇచ్చింది కొంత, తండ్రి ఇచ్చింది కొంత. తండ్రి వాటా లేని లెమరు పిల్లను ఆమె ఎక్కడా చూడలేదు. పెళ్ళిచూపుల్లో గొప్పగా కనబడిన ఆ చదువు పెళ్ళయ్యాక దోస్తుల ముందు నవ్వులాటకు పనికొచ్చింది. "మా ఆమె కోతుల రక్తం చదివింది" అనేవాడు. లెమర్లు కోతులు కావని మొదట్లో చెప్పేది, తర్వాత మానేసింది. ఆ చదువు తెచ్చే జీతం ఇంటికి కావాలి, ఆ చదువు చెప్పే మాట మాత్రం అక్కర్లేదు.

ఏడింటికి చాపలు నిండాయి. పాస్టరుగారు రాజ్‌కుమార్ ఇచ్చిన మనవిని పైకెత్తి ప్రార్థించారు. "తల్లి తట్టు నుండి ఈ బిడ్డకు వచ్చిన రక్తదోషమును కొట్టివేయుము, ప్రభువా." అందరూ ఆమెన్ అన్నారు. ఒళ్ళో కూర్చున్న హన్నా తలెత్తి, "మమ్మీ, నాకు బీమారి నువ్వు పెట్టినవా?" అని మెల్లగా అడిగింది.

ఆ మాటకు సుసన్నా గుండె భగ్గుమంది. మొగుడు తనను ఏమన్నా ఇన్నాళ్ళు దిగమింగింది. ఇప్పుడు పిల్ల బుర్రలోకి కూడా ఆ మాటే ఎక్కించారు.

"సుసన్నమ్మా, తల్లివి, నువ్వూ రెండు మాటలు ప్రార్థించమ్మా" అన్నారు పాస్టరుగారు.

ఎప్పుడూ రెండు ముక్కలు గొణిగి పొయ్యి దగ్గరికి లేచిపోయే మనిషి, కొంగు తలమీదికి లాక్కుని మోకరించింది. ప్రార్థన మధ్యలో అడ్డం తగిలే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదని ఆమెకు తెలుసు.

"ప్రభువా, డాక్టరమ్మ చెప్పిన మాట మా ఆయన ఎవ్వలకు చెప్పలేదు. ఆడపిల్లకు ఇంత బీమారి తల్లి ఒక్కతే ఇస్తే రాదట, తండ్రి గూడ ఇయ్యాలెనట. ఆయన రక్తం గూడ పరీక్ష చెయ్యాలన్నరు. రేపు దవాఖానకు పోయేటందుకు ఆయనకు ధైర్యం ఇయ్యి. నా బిడ్డకు అబద్ధం చెప్పకుంట ఆయన నోరును కాపాడు."

రాజ్‌కుమార్ ఒక్కడే కళ్ళు తెరిచి ఆమె వైపు గుడ్లురిమి చూశాడు. మిగతా అందరూ కళ్ళు మూసుకునే, అలవాటు చొప్పున, సారవ్వతో సహా, గట్టిగా "ఆమెన్" అన్నారు.